తెల్లజెండా ఎత్తిన రోజు

కిల్‌బ్రాకన్,
మార్చి 4, 1984

ఊనా అక్కకి,

బావ మోకాలి నొప్పి తగ్గిందా? మన గేలిక్ ఫుట్‌బాల్ క్లబ్బుకి డెబ్బై అయిదేళ్ళు నిండాయని దాని చరిత్ర నన్ను రాయమన్నారు. మొదటి ఆట ఫాదర్ గారి మేతబీడులో ఆవుల్ని తోలేసి ఆడటం, మన నాయనమ్మ పిండిసంచులతో కుట్టిన చొక్కాలు వానకి ముడుచుకుపోయి అందరి బొడ్లూ బయటపడటం, అన్నీ నవ్వుకుంటూ రాశాను. 1958 దగ్గరికొచ్చేసరికి కలం ఆగిపోయింది.

మనకొచ్చిన ఒకే ఒక్క కప్పు అది. అదీ మీ అత్తారి ఊరు డ్రమ్‌లియా మీద, ఒక్క పాయింటు తేడాతో. గోలు దగ్గర మన తరఫు అంపైరుని నేనే. మనవాళ్ళు కొట్టిన ఆఖరి బంతి గోలు స్తంభం మీదుగా వస్తుంటే ఎండ కళ్ళలో కొట్టింది. లోపలికి పోయిందో బయటికి పోయిందో నాకు కనపడలేదక్కా! మనవాళ్ళు కేక పెట్టారు, నేను పాయింటని తెల్లజెండా ఎత్తేశాను. మీ కెప్టెన్ మలాకీ బావ నా మీదికొచ్చి, "బయటికి పోయిందిరా అది! నీ కళ్ళు కాకులు పొడిచాయా?" అన్నాడు. ఇరవై ఆరేళ్ళుగా ఆ మాట నన్ను తొలిచేస్తోంది. ఇక ఉన్నదున్నట్టు పుస్తకంలో రాసేస్తాను, ఊళ్ళోవాళ్ళు తన్నినా సరే. ముందు మీ ఇద్దరికీ చెప్పాలనిపించింది.

నీ తమ్ముడు,
ఫింటన్


డ్రమ్‌లియా,
మార్చి 9

ఒరే ఫింటన్,

ఆ రోజు నేనెక్కడున్నానో ఎప్పుడైనా అడిగావట్రా? సరిగ్గా ఆ స్తంభం వెనకాల. నా పెళ్ళి టోపీకి బండిచక్రమంత అంచు, ఎండ నాకేం చేస్తుంది? బంతి లోపలికే పోయింది. జానెడు లోపల.

పెళ్ళయి అప్పటికి మూడు నెలలు. అత్తగారి ఊరు ఊరంతా గుండెలు బాదుకుంటుంటే, "మా తమ్ముడే కరెక్టు" అని ఏ నోటితో అనను? మూసుకున్నాను. నువ్వు ఇన్నేళ్ళు ఇలా కుమిలిపోతున్నావని తెలిస్తే ఊరుకునేదాన్నా?

నిన్న బంగాళదుంపలు వడ్డిస్తూ మీ బావకి చెప్పేశాను.

"ఇరవై ఆరేళ్ళు దాచావుటే?" అన్నాడు.

"దాచాను కాబట్టే కాపురం సాగింది."

పళ్ళెం నా ముందుకు తోసి, "ఇంకో రెండు దుంపలెయ్యి. లోపలికే పోయిందని రాయమను మీవాణ్ణి. కానీ డ్రమ్‌లియా కెప్టెన్ ఆ రోజు అదరగొట్టాడని కూడా రాయాలి" అన్నాడు.

బంతి ఆ రోజు మీ బావ చేతికి చిక్కింది రెండేసార్లు. అయినా రాయరా, నాకోసం.

ప్రేమతో,
మీ అక్క ఊనా