మావారిని రేపల్లెకు మార్చవద్దని

రేపల్లె,
అక్టోబరు 1967.

మహారాజశ్రీ జిల్లా అధికారి గారి సముఖమునకు, రేపల్లె కాపురస్తురాలు, గుమాస్తా పాండురంగారావు గారి భార్య మాణిక్యాంబ వ్రాసుకొను అర్జీ.

అయ్యా,

విషయం: బాపట్ల ఆఫీసు గుమాస్తాయగు నా భర్తను వచ్చే నెల ఒకటో తారీఖు నుండి రేపల్లెకు మార్చుచూ తమరు దయచేసిన ఆర్డరును రద్దుపరచుట గురించి.

సదరు ఆర్డరులో "ప్రతిదినము రైలులో దూరప్రయాణము చేయుట వలన కుటుంబ జీవనము చెడుచున్నదని ఉద్యోగి భార్య మొరపెట్టుకొనినందున" అని తమరు వ్రాయించియున్నారు. ఆ భార్యను నేనే. ఆ మొర మాత్రం నాది కాదు.

1. మావారు రేపల్లెకు బదిలీ అడుగుతున్నారని తెలిసి, అది కానివ్వవద్దని తమకు అర్జీ పెట్టుకొనుటకు, కచేరీ అరుగు మీద అర్జీలు వ్రాయు సుందరయ్య గారి వద్దకు వెళ్ళితిని. ఉన్నదంతా చెప్పితిని. ఆయన తల ఊపుతూ విని, వ్రాసి, సంతకం పెట్టమన్నారు. నేను ఎనిమిదో క్లాసు చదివినదాన్నే. కానీ పెద్దాయన వ్రాసిన కాగితం ఆయన ఎదుటే చదివితే నమ్మకం లేనట్టుంటుందని చదవకుండా పెట్టాను. తీరా తమ ఆర్డరు వచ్చాక చూస్తే ఆయన అందరు ఆడవాళ్ళకీ వ్రాసేదే నాకూ వ్రాశారు, భర్తను ఇంటికి దగ్గర చేయమని. వెళ్ళి అడిగితే, "అమ్మాయ్, ఇన్నేళ్ళ నుంచి రాస్తున్నాను, మొగుణ్ణి దూరంగా ఉంచమని ఏ ఆడకూతురికీ రాయలేదు. ఆ మాట నా చేత్తో ఎట్లా రాస్తాను? నీ మేలు కోరే రాశానమ్మా" అన్నారు. ఆయన నిజంగా మేలు కోరే వ్రాశారు, అందులో అనుమానం లేదు. తమరూ మేలు కోరే మంజూరు చేశారు. ఇంతమంది మేలు కోరితే నేనేమైపోవాలండీ?

2. మావారు పూర్వం రేపల్లె ఆఫీసులోనే పనిచేసిరి. ఆఫీసు మా ఇంటికి కూతవేటు దూరము. మధ్యాహ్నం భోజనానికి ఒకసారి, సాయంత్రం ఒకసారి ఇంటికి వచ్చువారు. వచ్చిన ప్రతిసారీ నన్ను కొట్టుట జరుగుచుండెను. కారణములు వ్రాయుట లేదు. ఆయనకే కారణం అక్కర్లేనప్పుడు తమకెందుకు?

3. తరువాత తెనాలికి మార్చిరి. మధ్యాహ్నపు వాయిదా కొట్టివేయబడినది. సాయంత్రపు వాయిదా నిలిచినది, అదీ రోజూ కాదు. నాకు ఒంటి మీద పాతది మానేదాకా కొత్తది తగలకుండా ఉండటం అప్పుడే తెలిసింది.

4. ఆపైన బాపట్ల. రేపల్లె నుంచి తెనాలికి ఒక బండి, తెనాలిలో దిగి బాపట్లకు ఇంకొక బండి. మా బండి తెనాలి చేరేసరికి ఆ బండి కదిలిపోతూ ఉంటుందట. సామాన్లవాళ్ళను తోసుకుంటూ వంతెన మీద పరుగెత్తాలట. తెల్లవారకముందే వెళ్ళి, చీకటి పడ్డాక వచ్చి, బొగ్గు నుసి కళ్ళతో అన్నం ముందు కూర్చునే నిద్రపోతారు. కాళ్ళు వాచినవి. నడుము పట్టేసినది. ఈ తిరుగుడు ఇట్లాగే సాగితే మనిషి మిగలడని డాక్టరు చెప్పారు. ఆయన కాళ్ళకు నూనె రాసేది నేనే, కాబట్టి ఆ వాపు సంగతి నాకు తమకంటే బాగా తెలుసు. జాలి పడదామని చూశాను. రాలేదు. తమరు ఉన్న విషయం వ్రాయమంటారు గనుక వ్రాస్తున్నాను.

ఆయన జీవితం అట్లా చెడిన ఈ రెండేళ్ళూ మా జీవితం బాగుపడింది. మా అమ్మాయి కుమారికి ఎనిమిదేళ్ళు. తండ్రి ఇంట్లో ఉంటే నోరు విప్పదు, మూగదని ఇరుగుపొరుగు అనుకునేవారు. ఆయన బాపట్ల వెళ్ళడం మొదలుపెట్టాక సాయంత్రాలు వంటింట్లో కూర్చుని పాఠాలు పైకి చదవడం నేర్చింది. ఆదివారం మాత్రం ఆయనకు సెలవు, మాకు లేదు. ఆ ఒక్కరోజూ ఎట్లాగో ఓర్చుకుంటున్నాము.

5. తమ ఆర్డరు అందిన రోజున మావారు తెనాలిలో జాజిపూలు కొనుక్కొచ్చారు. వీధిలో అందరితో, "నా పెళ్ళాం నా కోసం పైవాళ్ళకు అర్జీ పెట్టుకుందండీ" అని చెప్పుకున్నారు. పక్కింటి సుబ్బాయమ్మ గారు వచ్చి, "అదృష్టవంతురాలివే, ఇక మొగుణ్ణి కళ్ళారా చూసుకుంటావు" అని బొట్టు పెట్టి వెళ్ళారు. నేను నవ్వుతూ నిలబడ్డాను. మావారు కుమారిని ఒళ్ళో కూర్చోబెట్టుకుని, "ఇక నుంచి మధ్యాహ్నం కూడా వస్తానే, మీ ఇద్దరి సంగతీ దగ్గరుండి చూసుకుంటా" అని ముద్దుచేశారు. పిల్ల ఆయన ఒళ్ళోనే గౌను తడిపేసింది. పూలు ఇంకా వాడకముందే ఆ తప్పుకు దాన్ని గోడకేసి కొట్టారు. ఇంతవరకు ఆయన దాని మీద చెయ్యి వేసి ఎరుగరు, అదంతా నాకే దక్కేది. అడ్డం వెళ్ళాను గనుక నా కుడి మణికట్టు వాచియున్నది. ఈ అర్జీలో అక్షరములు వంకరగా ఉన్నయెడల మన్నించవలెను.

అప్పటి నుంచి పిల్ల మళ్ళీ మాట్లాడటం లేదు. బడిలో కూడా. నేను ఎట్లా అయినా పడి ఉంటానండి, అలవాటైన ఒళ్ళు. దాన్ని చూడలేకపోతున్నాను.

6. కావున ఆర్డరు రద్దుచేసి ఆయనను బాపట్లలోనే ఉంచవలెను. అక్కడ ఖాళీ లేనియెడల కాకుమాను పంపినా సమ్మతమే. రైలు దిగి బస్సెక్కాలి, వానలకు ఆ బస్సు ఎప్పుడొస్తుందో ఎవరూ చెప్పలేరట. అయితే మరీ దూరం పంపవద్దు. అట్లయితే ఈ ఇంటికి తాళం వేసి కాపురం అక్కడికే మారుస్తారు, మేమూ వెంట పోవాలి. ఇల్లు మార్చనంత దగ్గరగా, చెయ్యి లేవనంత దూరంగా ఎక్కడ ఖాళీ ఉంటే అక్కడ వేయించవలెను. ఊళ్ళన్నీ తెలిసినవారు తమరే.

ఆయన ఆరోగ్యము గురించి తమరు ఆలోచింతురేమో. ఆయనది ఒక ఆరోగ్యము, మావి రెండు.

ఈ నా విన్నపము చిత్తగించి, తమ దయను తమరే వెనుకకు తీసుకొనవలెనని వేడుకొనుచున్న,

తమ విధేయురాలు,
మాణిక్యాంబ.

తా.క. అన్నగారూ, దీనికి జవాబు మా ఇంటికి రాయకండి. కొత్తచోట చేరేదాకా ఆయన సెలవు పెట్టి ఇంట్లోనే ఉన్నారు, టపా ఆయనే అందుకుంటున్నారు. ఒకటో తారీఖున ఆయన బండికి లేవకుండా, పొద్దెక్కినా మంచం దిగకపోతే, తమరు నా అర్జీ కాదన్నారని నాకు తెలిసిపోతుంది.