గూడెం నుంచి రావలసిన బస్సు

1999 జూలై, శుక్రవారం రాత్రి

మధ్యాహ్నం బస్సుల కంపెనీ నుంచి మా రాజమండ్రి డిపోకి ఫోను వచ్చింది. ఈమధ్య మాకిచ్చిన కొత్త బస్సుల బ్రేకు వాల్వుల్లో లోపముందట. అవి మార్చేదాకా ఒక్క బస్సూ రోడ్డెక్కకూడదట. గ్యారేజీ నా బాధ్యత కాబట్టి ఉన్నవాటిని వెంటనే ఆపించాను. ఒక్కటి మాత్రం జంగారెడ్డిగూడెం వెళ్లింది. అక్కడి బస్టాండుకి ఫోను చేస్తే అప్పటికే తిరిగి బయలుదేరిందన్నారు. దారిలో డ్రైవరు సత్యానికి కబురు పెట్టే మార్గం లేదు. గోదావరి బ్రిడ్జి ఎక్కకముందే ఆపాలని స్కూటరు మీద కొవ్వూరు వెళ్లాను.

బస్సు దూరంగా కనబడగానే రోడ్డు మధ్యకి వెళ్లి రెండు చేతులూ ఊపాను. నా ముందుకొచ్చి ఆగింది.

"ఏంటండీ, ఇక్కడున్నారు?" అన్నాడు సత్యం దిగుతూ.

"బ్రేకుల్లో లోపముందంట. జనాన్ని దింపెయ్ సత్యం."

"బానే పడుతున్నాయి కదండీ," అన్నాడు. ఆ తర్వాత ముందు చక్రం వైపు చూస్తూ ఉండిపోయాడు.

జీడిపప్పు మూటతో దిగిన పెద్దావిడ, "రాజమండ్రి దాకా పోనివ్వచ్చు కదా బాబూ," అని గొణిగింది. అందరినీ వెనకొచ్చిన పాత బస్సు ఎక్కించాం.

రాత్రి అన్నం పెడుతూ మా ఆవిడ కమల అడిగింది.

"బస్సుని ఎలా ఆపారండీ?"

"ఎదురుగా నిలబడి," అన్నాను.

బ్రేకుల్లో లోపమున్న బస్సుకే ఎదురెళ్లానని ఆ మాట అన్నాకే తట్టింది. కమల గరిటె గిన్నెలో పడేసి నా పక్కన కూర్చుంది.

కొత్త వాల్వులు ఎప్పుడొస్తాయో కంపెనీవాళ్లు చెప్పలేదు. వచ్చాక బిగించి, ఇక భయం లేదని సత్యానికి చెప్పాల్సింది నేనే. ఏం చూసుకుని చెప్పాలో...