వేంబారు రేవులో మన పడవ

వేంబారు,
ఐప్పసి నెల, 1932.

కందసామి బావకు చిన్నతాయి దండాలు పెట్టి రాసుకునేది. ఇక్కడ నేనూ, పాప పుష్పమూ కులాసా. కాలి కట్టుతో విరుదునగరంలో ఉన్న మిమ్మల్నీ, కృష్ణమ్మాళ్ వదిననూ, పిల్లల్నీ జక్కమ్మ తల్లి చల్లగా చూడాలి.

ఈ ఉత్తరం మీరే చదువుకోండి. అరవంలో రాస్తే వదిన పిల్లలు గడగడా చదివేస్తారని, మా నాయన నేర్పిన నాలుగు తెలుగు అక్షరాలతోనే తంటాలు పడుతున్నా. తప్పులుంటే నవ్వుకోండి. నవ్వితే కాలేం నొప్పెట్టదు.

పుష్పం దగ్గు తగ్గిందా అని అడిగారు. తగ్గింది. మిరియాల కషాయం తాగమంటే ఉప్పు మడుల దాకా పరిగెత్తింది, వెంటపడి పట్టుకుని తాగించా. మీ కాలి సంగతి మాత్రం మీరు సగమే రాశారు. కోవిల్‌పట్టి మిల్లులో పత్తి బేలు మీద పడిన కాలు, అతుక్కున్నా వంకర తప్పదన్నాడట కట్టు కట్టేవాడు. ‘ఇంక మేడి పట్టలేను, పడవ ఎవరికైనా ఇచ్చేసి నాగలాపురం పోదాం, అన్న కల్లంలో కాపలా కూచుంటా’ అని రాశారు. అది చదివి నాకు ఒళ్ళు మండింది. కాసేపటికి ఏడుపొచ్చింది. తర్వాత మళ్ళీ మండింది.

పడవ మునిగిందట, నిజమేనా అని కూడా అడిగారు. పెద్దబావ కబురు చేసుంటారు. మునిగిన మాట నిజమే. ఎలాగో మొదట్నించీ చెప్తా.

మిల్లు పనికి వెళ్ళేటప్పుడు మీరేమన్నారు? ‘గట్టిగా కట్టు చిన్నతాయీ, అటూ ఇటూ కదలనీకు’ అన్నారు. నల్లరేగడిలో పుట్టినవాళ్ళం, మనకు తెలిసిన కట్టడమంతా ఎద్దును గుంజకు కట్టడమే. అలాగే తాడు పొట్టిగా వేసి, పడవ ముక్కు గుంజకు ఆనేలా బిగించా. వాన పట్టగానే పైనుంచి ఏటి నీళ్ళూ, కిందనుంచి సముద్రం పోటూ ఒకేసారి వచ్చాయి. నీళ్ళు లేచాయి, తాడు పడవను లేవనివ్వలేదు. ముక్కు నీళ్ళలోకి కుంగి, వెనక భాగం గాల్లోకి లేచింది. పరిగెత్తి కొడవలితో తాడు తెగ్గోశా. తెగిన వేగానికి పడవ వెళ్ళి రాళ్ళకు కొట్టుకుంది. మన రేవు పడవ పట్టేంత సందే కదా, రెండు పక్కలా రాతి కట్టు. అంచు పలక ఒకటి చీరుకుపోయింది.

మర్నాడు నాకు బుద్ధొచ్చింది. పొగరుబోతు ఎద్దును రెండు పక్కలా తాళ్ళు పట్టి నడిపిస్తాం చూడండి, అలా రెండు గట్లకూ వదులుగా తాళ్ళు కట్టా. రాయికీ పడవకీ మధ్య గోనెసంచుల్లో పత్తి కుక్కి వేలాడదీశా. పత్తి ఎక్కడిదని అడక్కండి. సరే, ఎటూ తెలిసేదే, మన పెళ్ళి పరుపుది. మీరొచ్చేదాకా నాకు చాప చాలు.

ఆ తర్వాత ఇంకా పెద్ద గాలివాన వచ్చింది. అది తెరిపిచ్చిన పూటే మీ అన్న అప్పాసామి పెద్దబావ, విళాత్తికుళం మనిషినొకణ్ణి వెంటబెట్టుకుని వచ్చారు. పడవ తీసుకుని ఎద్దుల జత ఇస్తాడట. రేవులో పడవ ముక్కు కొస ఒక్కటే నీళ్ళ పైన కనబడుతోంది. ఆ మనిషి చూసి పెదవి విరిచి వెనక్కి తిరిగాడు.

“ఏమ్మా, పడవ పొయ్యిందే” అన్నారు పెద్దబావ.

“మునిగింది బావా” అన్నా.

“ఎద్దుల్ని ఇచ్చేసి కొయ్యని కొనుక్కుంటే ఇంతే. సరే, వొదులు. సట్టీ కుండా సర్దిపెట్టు, బండి పంపిస్తా. తమ్ముడికి కల్లంలో ఏదో ఒగ పని సూపిస్తా.”

ఆయన మంచికే అన్నారు. నాకే గుండెలో ముల్లు దిగింది.

ఇప్పుడు అసలు మాట. కోప్పడితే కోప్పడండి బావా. పడవను గాలివాన ముంచలేదు, నేనే ముంచాను.

ఉప్పు మడుల్లో నాతో పనిచేసే ఇసక్కియమ్మాళ్ ముందురోజు ఆకాశం చూసి, ఈ గాలికి నీ సంచులు ఆగవు అంది. మరేం చెయ్యనని అడిగితే, “తేలేదాన్నే గాలి కొడుతుంది. మునిగినదాన్ని ఏం చేస్తుంది?” అంది. వాళ్ళ పుట్టింటివాళ్ళు గాలికాలంలో చేసే పనే అట. తెడ్డూ తాళ్ళూ ఇంట్లో పెట్టి, పడవ నిండా తడి ఇసుక మూటలు పేర్చి, అడుగున బిరడా లాగేశాం. నీళ్ళు గుడగుడా ఎక్కాయి. పడవ మెల్లగా దిగి బురద మీద కూచుంది. పక్క రేవుల్లో తేలుతున్నవి చెక్కలు చెక్కలయ్యాయి. మనది కదల్లేదు.

పెద్దబావకు నేను అబద్ధం చెప్పలేదు, ఉన్నదంతా చెప్పలేదు, అంతే. చెప్పుంటే ఆ మనిషి అప్పుడే బేరం కుదుర్చుకుని పడవ తాడు పట్టుకునేవాడు.

వరద తీశాక మూటలు ఎత్తేసి, బిరడా కొట్టి, తాటాకు చేదలతో ఇద్దరం నీళ్ళు తోడాం. లేచింది. పలకలు నాని ఉబ్బి బిగుసుకున్నాయి. చీరినచోట పత్తీ గుగ్గిలమూ కూరాం. నిన్న ఉప్పు మడుల ఆడవాళ్ళను నేనే ఏరు దాటించా. ఆడది తెడ్డు పట్టిందని గట్టు మీద నవ్విన మగవాళ్ళు, తర్వాత వాళ్ళే వచ్చి ఎక్కారు.

పెద్దబావకు నిజం కబురు చేసేశా. బండి పంపొద్దన్నా, పడవ ఎవరికీ ఇవ్వనన్నా. మీ పేరు చెప్పలేదు, నా మాటగానే చెప్పా.

మేడి పట్టాలంటే నాగలి వెనక నడవాలి బావా. తెడ్డు కూచుని వెయ్యొచ్చు. మీ భుజాల బలం నాకు తెలుసు. మిమ్మల్ని కల్లంలో కూచోబెట్టి, పిట్టల్ని తోలే కర్ర చేతికిచ్చి, చిన్నపిల్లలు సైతం కుంటి చిన్నాయన అని పిలుస్తుంటే వినడానికి నేను నాగలాపురం రాను. కట్టు విప్పగానే కబురు పెట్టి, కోవిల్‌పట్టి దాకా రైల్లో రండి. అక్కడికి నేనే వచ్చి తోలుకొస్తా. గట్టు మీంచి పడవలోకి ఒక్క అడుగు. ఆ ఒక్కటీ నా భుజం పట్టుకుని వెయ్యండి. కూచుని తెడ్డు అందుకున్నాక, మీరు కుంటివారని ఈ ఏట్లో ఎవరికీ తెలీదు.

ఇట్లు,
మీ పడవకు కాపలా ఉన్న
మీ మేనమామ కూతురు
చిన్నతాయి