కంట్లో వేసిన రెండు చుక్కలు

మంగళవారం

ఆయన కుడి కన్ను ఇంకా ఎర్రగానే ఉంది. నిన్న నాచారం కంపెనీలో గ్రైండింగ్ చేస్తుంటే ఇనుప నలుసు పడింది. రాత్రి మంటకు ఆగలేకపోతుంటే అత్తమ్మ నాతో, "సంటిపిల్ల తల్లివే గదనే, రెండు సుక్కలు పాలు పిండు. సల్లవడ్తది" అంది. సిగ్గుపడుతూనే వేశాను. "బిడ్డ పాలల్ల నాక్కూడ వాటానా" అని ఆయన నవ్వాడు.

పొద్దున చూస్తే నల్లగుడ్డు మీద తెల్లటి చుక్క. వెలుతురు చూడలేకపోయాడు. ఉప్పల్‌లో కంటి దవాఖానాకు పోయాం. డాక్టరమ్మ నలుసు తీసి, పుండు పడిందని చెప్పి, "కంట్లో ఏమన్నా వేసిన్రా?" అని అడిగింది. చుట్టూ మగవాళ్ళు. నేను తల దించుకున్నాను. "నీళ్ళతోని కడిగిన మేడం, గంతే" అని ఆయనే అబద్ధమాడాడు, నా కోసం.

గంటగంటకూ మందు వేస్తున్నాను. ఇందాక "పువ్వు పడ్తదా ఏంది?" అని మెల్లగా అడిగాడు. చూపు పోతుందేమోనని ఆయన భయం.

రేపు మళ్ళీ రమ్మన్నారు. డాక్టరమ్మకు నోటితో చెప్పలేను. అందుకే మందుల చీటీ వెనక "కంట్లో పాలు వేసినం" అని రాశాను. ప్యాకెట్ పాలనుకుంటుందేమో. కింద "నావి" అని రాశాను.