సగం దరువు

జూలై 7, సోమవారం

పంచాయతీ ఆఫీసు. ఎదురుగా గౌండ్ల నర్సయ్య, కల్లుగీత పింఛను కాగితం మీద నా సంతకం కోసం. ఫోను మోగింది. బయటి దేశం నంబరు.

"సర్పంచమ్మేనా? నేను గంగాధర్‌ను, కోరుట్లోన్ని. దుబాయ్‌లకెల్లి మాట్లాడుతున్న. మీ ఊరి నర్సయ్య నా రూముల ఉంటడు. పక్షవాతమచ్చి దవాఖాన్ల పడ్డడు. మాట పోయింది. ఇంటోల్లకు జెర చెప్పుండ్రి."

"ఏ నర్సయ్య?"

"తండ్రి పేరు మల్లయ్య. గౌండ్లోల్లు. పాస్‌పోర్టుల గట్లనే ఉన్నది."

ఊళ్లో మల్లయ్య కొడుకు నర్సయ్య ఒక్కడే. ఆ ఒక్కడూ నా ముందు కూర్చుని, విరిగి అతికిన కాలు చాపుకొని, మోకాలు రుద్దుకుంటున్నాడు.

"ఇంటోల్లకు చెప్త" అన్నాను. ఏమని చెప్పాలి? ఎవరికి?

జూలై 8, మంగళవారం

పొద్దుటికి ఊరంతా తెలిసింది. చాయ్ హోటల్ దగ్గర నర్సయ్యను పట్టుకున్నారు.

"ఏం నర్సన్నా, దుబాయ్‌ల మంచాన పడ్డవట. గీడ చాయ్ తాగుతానవ్? ఇమానం ఎప్పుడు దిగినవే?"

"మల్ల ఒచ్చెటప్పుడు మాకు సెంటు సీస తేకపోతివి!"

నేనూ నవ్వాను. తర్వాత చూశాను — అతను నవ్వడం లేదు. సగం చాయ్ వదిలేసి కర్ర పట్టుకుని వెళ్లిపోయాడు. తిట్టనైనా తిట్టలేదు. నర్సయ్య తిట్టకుండా పోవడం నేనెప్పుడూ చూడలేదు.

రోజంతా ఇదే ఆలోచన. మనిషి ఇక్కడుంటే పేరొక్కటే విమానమెక్కి ఎట్లా పోయింది? ఇన్నేళ్లు ఏం తిన్నది? ఎక్కడ పడుకున్నది?

జూలై 9, బుధవారం

మా ఇంట్లో ప్రార్థన కూడిక. ప్రసంగం అబద్ధం మీద. నోట్లో మొదలైన అబద్ధం ఇల్లు దాటి, ఊరు దాటి, ఎక్కడ తేలుతుందో అబద్ధమాడినవాడికే తెలియదని చెప్పాను. గొంతు పోయేదాకా చెప్పాను. బైబిలు గ్రంథం బల్లకేసి కొట్టాను కూడా. వెనక గోడ అవతల కర్ర చప్పుడు వచ్చి, ఆగి, చాలాసేపటికి కదిలింది.

జూలై 11, శుక్రవారం

తెల్లారకముందే వాకిట్లో నర్సయ్య.

"అక్కా, నీ కేకలు మా అరుగుదాక వినవడ్డయ్. రెండు దినాలాయె, అన్నం పోతలేదు."

"చెప్పు మరి."

"తాటిచెట్టు మీదికెల్లి పడకముందు దుబాయ్ పోదమని పాస్‌పోర్టు తీసుకున్న. వీసా అచ్చి కూసున్నది, నా కాలు విరిగె. ఏజెంటు ఏమన్నడంటె — వీసా ఉట్టిగ పోతది నర్సన్నా, నీ పుస్తకం ఇయ్యి, ఫోటో మార్చి ఇంకోన్ని పంపుత అన్నడు. ఇచ్చిన."

"ఎవనికి?"

"అడుగలే. గప్పుడు ఎవలడిగిండ్రక్కా? గా కాలంల మనూల్లకెల్లి ఇంకో ఇద్దరు గట్లనే పోయిరి. అదో తప్పని ఎవలకెర్క?"

అది నిజమే. అప్పట్లో అరువు చొక్కా తొడుక్కుని పెళ్లికి పోయినట్టు అరువు పేరు మీద పోయేవాళ్లు. తిరిగొచ్చాక చొక్కా విప్పేసేవాళ్లు. ఇతనెవరో విప్పలేదు. అక్కడే ఆ పేరు మీదే పుస్తకం మళ్లీ మళ్లీ కొత్తది చేయించుకుంటూ ఉండిపోయాడు.

"నీ పేరుతోని ఎవడో బతుకుతాండని ఎన్నడన్న యాదికచ్చిందా?"

కర్రతో నేల మీద గీత గీశాడు. "శానసార్లు. నేను గీడ కుంటుతున్న గని, గాడ మంచిగనే నడుస్తున్ననేమో అనుకునేటోన్ని."

ఈ మాట రాసుకోకుండా ఉండలేకపోయాను.

వెళ్తూ వెళ్తూ గడప దగ్గర ఆగి — "అక్కా, నా పింఛను పోతదా?"

జూలై 12, శనివారం

ఇంటాయన సిరిసిల్ల నుంచి వచ్చాడు. వారమంతా మరమగ్గాల సాంచాల మోత విని విని, ఇంట్లో కూడా గట్టిగానే మాట్లాడతాడు. అన్నం పెడుతూ నర్సయ్య సంగతి నవ్వుతాలుగా చెప్పాను. నవ్వలేదు. చేయి కడుక్కున్నాడు. పళ్లెంలో అన్నం అట్లాగే ఉంది.

"తలకాయ నొస్తాంది."

ఏమైంది ఈయనకు?

జూలై 14, సోమవారం

గంగాధర్ మళ్లీ ఫోను చేశాడు. ఈసారి నేను తయారుగా ఉన్నాను. బీడీల చాట ఒళ్లో పెట్టుకొని, కత్తిరించిన ఆకులో తంబాకు పోస్తూ ఒక్కొక్కటే అడిగాను. ఎట్లుంటడు? ఏం పని? ఎవలతోని మాట్లాడుతడు?

"ఎవలతోని మాట్లాడడక్కా. రాయి మోసే పని. ఉత్తరం లేదు, ఫోను లేదు. ఇంటి ముచ్చట తీస్తె లేసి పోతడు. ఒక్కటే అలవాటు — ఆదివారం పొద్దుగాల గడ్డం గీసుకోని, తెల్లంగి తొడుక్కోని, మంచం మీద గంటసేపు ఉత్తగ కూసుంటడు. మాకు సెలవు శుక్రారం. ఆదివారం పనికి ఆలిశమైతదని ఎన్ని తిట్లు తిన్నడో."

గౌండ్ల నర్సయ్యకు ఆదివారంతో ఏం పని?

"ఇప్పుడెట్లున్నడు?"

"కుడి పక్క మొత్తం పడిపోయింది. ఎడమ చెయ్యి మాత్రం ఆగది. మంచం కమ్మి మీద టకటక టకటక... నర్సులు పరేషానైతాండ్రు. వినుండ్రి."

ఫోను అక్కడ పెట్టాడు.

టకు టకు — కాసేపు ఖాళీ — టకు టకు టక్ — మళ్లీ ఖాళీ.

చేతిలో బీడీ విడిపోయింది.

అది డప్పు మీద ఎడమ చేతి పని. సిటికెన పుల్ల, సన్నది. ఖాళీలో కుడి చేతి సిర్ర పడాలి, లావు పుల్ల, ధన్‌మని. అది పడితేనే దరువు. ఊళ్లో డప్పు కొట్టేవాళ్లందరికీ ఆ ఖాళీ ఒక్కచోటే ఉంటుంది. ఒక్క మా నాయిన దరువులో మాత్రం రవ్వంత ఆలస్యంగా పడుతుంది. నాయిన అది ఒక్కడికే నేర్పాడు. నేను పక్కన గడ్డి మంట వేసి డప్పు కాపుతూ విన్నదాన్ని.

దాసు. నా తమ్ముడు ప్రభుదాసు.

జూలై 15, మంగళవారం

ఎవరికీ చెప్పలేదు.

జూలై 16, బుధవారం

కూడికలో లేచి నిలబడ్డాను. గ్రంథం తెరిచాను. అన్న బట్టలు తొడుక్కుని, అన్న పేరు చెప్పి, గుడ్డి తండ్రి చేతి దీవెన పట్టుకుపోయిన తమ్ముడి సంగతి వచ్చింది. వెతికి తెరవలేదు, అదే తెరుచుకుంది. ఎన్నిసార్లు ఆ పేజీ మీద నిలబడి అరిచానో! వాడు పారిపోయి పరాయి దేశంలో పడుకున్న రాత్రులు ఎట్లా ఉండేవో ఒక్కసారి కూడా ఎందుకు అడగలేదు నేను? మూసేసి, పాటలు పాడమన్నాను.

"అక్కకు పాణం బాగలేదు" అనుకుంటున్నారు.

ఇప్పుడు రాసుకోవాలి. ఎన్నో ఏళ్ల కిందట, దాసు శనివారం ఎవరిదో చావుకు డప్పు కొట్టి, ఆదివారం మసి చేతులతో కూడికకు వచ్చాడు. దేవుణ్ని నమ్ముకున్నాక డప్పు ముట్టొద్దని అప్పటికి మూడుసార్లు చెప్పాను. నాయిన డప్పు గోడ మీంచి తీసి, అమ్మ అన్నం వండుతున్న పొయ్యిలో పెట్టాను. కాపితే మోగే తోలు, కాలితే ముడుచుకుపోయింది. అందరి ముందు అన్నాను — డప్పు ఇడువనోడు నాకేం కాడు. ఇల్లంతా ఆమెన్ అంది. వాడు పొయ్యి వంక చూశాడు. నా వంక చూడలేదు.

కొన్నాళ్లకు ఊరు విడిచిపోయాడు. అమ్మ పోయినప్పుడు కబురు పెట్టడానికి చిరునామా లేదు.

జూలై 19, శనివారం

ఇంటాయన చెప్పులు విప్పకముందే అడిగాను.

"దాసు ఎట్ల పోయిండో నీకెర్కనా?"

"కోరుట్లల బొంబాయి బస్సు నేనే ఎక్కిచ్చిన."

"ఎవల పేరు మీద పోతాండో?"

"గౌండ్లాయన పుస్తకమని ఏజెంటు చెప్పిండు. ఏ గౌండ్లాయనో నాకేం ఎర్క? మొన్న నువ్వు చెప్పంగ ఎర్కైంది."

"ఇన్నేండ్లు నాకెందుకు చెప్పలే?"

"నువ్వడుగలే." చెప్పులు విప్పుకుంటూ, "నువ్వు చెప్పుడే గని అడిగింది ఎప్పుడే?" అన్నాడు. కోపంగా కాదు. సాంచ ఆగినప్పుడు ఎందుకు ఆగిందో చూసే మనిషిలా.

జూలై 21, సోమవారం

జగిత్యాల. గల్ఫ్ కాగితాలు చూసే ఆఫీసు. గుమాస్తా ముసలాయన, కళ్లజోడుకు దారం.

"ఒకవేళ ఒక మనిషి ఇంకొకల పేరు మీద..." అని మొదలుపెట్టాను.

చేయి అడ్డం పెట్టాడు. "సర్పంచమ్మా, ఒకవేళలు నాతోని చెప్పకు. గీ జిల్లాల ఒకవేళలు శానున్నయ్."

అయినా విన్నాడు. వేరే మనిషని రాస్తే అక్కడ విచారణ, ఇక్కడ విచారణ. పుస్తకం ఇచ్చినవాడూ, తీసుకున్నవాడూ ఇద్దరూ ఇరుక్కుంటారు. తేలేదాకా మంచం మీది మనిషి అక్కడే. "గన్ని దినాలు బతికుంటడా?" అని నన్నే అడిగాడు.

రోగిని ఇంటికి రప్పించుకునే ఫారం ఇచ్చాడు. పాస్‌పోర్టులో ఉన్న పేరే రాయాలి. తీసుకెళ్లి చూసుకునేవాళ్లెవరో రాయాలి. నర్సయ్య ఇంటివాళ్లు రాస్తే వాళ్ల రేషన్ కార్డులో ఊళ్లోనే ఉన్న నర్సయ్య బయటపడతాడు. అందుకని నేనే, సర్పంచ్‌గా.

ఒక గడి మీద వేలు పెట్టాడు. రోగితో సంబంధం.

"గీడ 'ఏమీ కాను' అని రాయి. గౌండ్లాయనకు నువ్వు అక్క ఎట్లైతవ్? ఎవలన్న అడిగితె గంతే చెప్పు. కాగితం మీద నీకు గాయన ఏం కాడు."

బస్సులో రాయికల్ దాకా ఆ గడి చూస్తూనే వచ్చాను. పొలాల్లో నాట్లు పడుతున్నాయి. ఆ మాట నేను ఇంతకుముందే అన్నదే కదా — ఉచితంగా, ఎవరూ అడగకుండానే. ఇప్పుడు ముద్రేసి ఇమ్మంటున్నారు.

జూలై 23, బుధవారం

కూడిక మానేశాను. వీడియో కాల్.

ముసలివాడు. నాయిన మొహం. నోరు ఒక పక్కకు. కన్ను నా వైపే ఉంది, కాని చూస్తున్నదెవరినో తెలియదు. చేయి టకు టకు...

"దాసూ" అన్నాను.

గంగాధర్ ఫోను చటుక్కున పక్కకు తిప్పాడు. "అక్కా, గా పేరు అనకు! గీడ నర్సు పిల్ల మనదిక్కుదే, తెలుగు ఎర్క. నర్సయ్య అను."

నర్సయ్యా అనడానికి నోరు రాలేదు. చాట బోర్లించాను. వెదురు చాట. వాడి చేయి ఖాళీ దగ్గర ఆగగానే కుడి చేత్తో కొట్టాను. తప్పిపోయింది, ముందే పడింది. మళ్లీ. ఈసారి రవ్వంత ఆగి — ధన్.

వాడి చేయి ఆగిపోయింది.

పూర్తిగా. మొదటిసారి ఆగిందన్నాడు గంగాధర్, దవాఖానలో చేరినప్పటి నుంచి. ఎంతసేపో. వద్దంటున్నాడా? కోపమా? డప్పు కాల్చిన చేయి చాట మీద ఎందుకు పడిందని అడుగుతున్నాడా? తర్వాత మెల్లగా, ఒక్క వేలితో — టక్. మళ్లీ ఖాళీ. ఇది నాయిన దరువు కాదు. నాకు తెలియని దరువు. అక్కడ నేర్చుకున్నాడో, తనే కట్టుకున్నాడో. ఖాళీ ఎక్కడుందో నాకు దొరకలేదు. కొట్టలేదు.

"ఇంటికత్తవా?" అడిగాను.

రెప్ప వాల్చాడు. అవునన్నట్టా, చాలన్నట్టా? గంగాధర్‌కూ తెలియలేదు.

జూలై 24, గురువారం

నర్సయ్యకు చెప్పాను. అంతా. అరుగు మీద కర్ర పక్కన పెట్టి విన్నాడు.

"డప్పు దాసా! మా నాయిన చావుకు గాడే కొట్టిండు గదనే." కర్ర చేతికి తీసుకుని — "రాయక్కా. నేనే అని రాయి. అచ్చినంక ఇద్దరం ఉంటం, ఒక నర్సిగాడు కుంటోడు, ఒక నర్సిగాడు మూగోడు. పింఛను సంగతి దేవుడెరుగు."

"మీ దేవుడా, మా దేవుడా?"

"ఎవలు ముందు లేస్తె గాయన."

నవ్వాను. పది రోజుల తర్వాత నవ్వాను.

జూలై 25, శుక్రవారం

రేపు పొద్దున ఫారం ఇవ్వాలి. గుమాస్తా సోమవారం నుంచి ఉండడట. ఇంటాయన ఈ రోజే వచ్చేశాడు, జగిత్యాల దాకా తోడు వస్తానని.

రోగి పేరు: నర్సయ్య. రాశాను. అబద్ధం రాయడం కష్టమనుకున్నాను. కష్టం కాలేదు.

తండ్రి పేరు: మల్లయ్య. మా నాయినను క్షమించమని అడిగి, రాశాను.

తీసుకెళ్లేవారు: సువార్తమ్మ, సర్పంచ్. సంతకం. ముద్ర.

ఒక్క గడి మిగిలింది — రోగితో సంబంధం.

రెండే మాటలు. అన్నిటికన్నా చిన్న గడి. వాడు ఇంటికి రావాలంటే నేను మళ్లీ ఆ మాట అనాలి. వస్తాడో లేదో చెప్పనివాడి కోసం.

"రాసినవా?" లోపలి నుంచి అడిగాడు ఇంటాయన.

"రాస్తున్న."

పెన్ను మూత తీసే ఉంది. ఎడమ చేయి బల్ల మీద వాడి కొత్త దరువు వెతుకుతోంది — టక్... ఖాళీ... టక్... ఈ ఖాళీ ఎంతసేపు? ఎక్కడ పడాలి నా చేయి?