ఒక్క ఓటుతో పోయిన కచేరీ

ప్రాకిట్ రేవు, నెబ్రాస్కా
1908 నవంబరు 21

ప్రియమైన లవీనియాకు,

ఇక్కడ నేనూ, మీ నాన్నగారూ బాగానే ఉన్నాం. శానటోరియంలో నీకు దగ్గు నెమ్మదించిందనీ, మళ్లీ ఆకలి పుడుతోందనీ చదివి సంతోషించాను. కోళ్ల గురించి అడిగావు. తెల్లదాన్ని నక్క ఎత్తుకుపోయింది. మిగతావి గుడ్లు పెడుతున్నాయి. నువ్వడిగిన ఉన్ని దుప్పటి సోమవారం పంపుతాను.

ఎన్నికల్లో కౌంటీ కోర్టు కచేరీ మన ఊళ్లోనే నిలిచిందా అని రాశావు. నిలవలేదు. డన్మోర్‌కు తరలించాలంటే కౌంటీ మొత్తంలో అయిదు ఓట్లకు మూడు చొప్పున పడాలి. సరిగ్గా అన్నే పడ్డాయి. ఒక్కటి తగ్గినా ఇక్కడే ఉండేది.

మీ నాన్నగారు స్థలమిచ్చి, ఇటుకలు కాల్పించి కట్టించిన కచేరీ కదా. ఆయన రోజూ మంగలి దుకాణం ముందు కూర్చుని ఎవరు ఎటు వేశారో ఆరా తీస్తున్నారు. నదికి ఇవతల ఉన్నవాళ్లందరూ మనవైపే వేశామని ఒట్లు పెడుతున్నారు.

నిన్న ఆయన, "ఈ ఒడ్డునే ఎవడో దొంగ ఉన్నాడ్రా," అన్నారు.

మంగలి ఓబెడ్ కత్తి నూరుతూ, "మీ రేవు పడవ లాగే గుర్రం వేసిందేమో చూడండి పెద్దాయనా. నది దాటీ దాటీ దానికి విసుగొచ్చుంటుంది," అన్నాడు.

అందరూ నవ్వారు. మీ నాన్నగారు నా భుజం మీద చెయ్యి వేసి, "నవ్వండ్రా, నవ్వండి. మా అల్లుణ్ణొక్కణ్ణే నేను అనుమానించను. వీడు నోరు విప్పడు గానీ మాట తప్పడు," అన్నారు.

ఆ ఓటు నాది, లవీనియా.

ఉత్తరపు ఒడ్డున ఒంటరిగా ఉండే ఇంగెబోర్గ్ సుండే మార్చిలో నదిలో పడి చనిపోయింది కదా. అలాంటి రోజున ఎందుకు బయల్దేరిందో తెలియదని అందరూ అంటారు. నాకు తెలుసు. సర్కారు ఇచ్చిన భూమిలో అయిదేళ్లు కాపురమున్నట్టు కచేరీలో సాక్ష్యమిచ్చి పట్టా తీసుకోవడానికి గడువెప్పుడని నాకు కబురు పెట్టింది. కచేరీ ఊడ్చేవాణ్ణయినా నోటీసు చదవగలనని నాకో గర్వం. గుమాస్తాను అడగకుండా, శనివారమే ఆఖరని చెప్పి పంపాను. ఆమెకు ఇంకా నెల గడువుంది. నేను చదివింది పై వరుసలో ఇంకొకరి తేదీ.

ఆ శనివారం ఉదయం, గడ్డకట్టిన నది మీద మంచు మెత్తబడిందని రోజువారీ పుస్తకంలో నా చేత్తోనే రాశాను. రాసి, పొయ్యి రాజేసుకుని కూర్చున్నాను. ఆమె వస్తుందని తెలిసి కూడా ఒడ్డుకు వెళ్లలేదు. మధ్యాహ్నానికి ఆమె గుర్రాన్ని నదిలోంచి బయటికి లాగారు. ఆమె ఏప్రిల్‌లో గాని దొరకలేదు.

డన్మోర్ దగ్గర వంతెన ఉంది, కచేరీకి వెళ్లేవాళ్లు మంచు మీద నది దాటక్కర్లేదు. అందుకే అటు వేశాను. దాంతో నా తప్పు తీరదని నాకు తెలుసు.

గురువారం రికార్డు పుస్తకాలు బండ్లకెక్కిస్తారు. "మొదటి పుస్తకం నువ్వూ నేనూ మోద్దాం అల్లుడూ. డన్మోర్ వాళ్ల చెయ్యి పడనివ్వను," అన్నారు మీ నాన్నగారు. పుస్తకం ఎత్తకముందే ఆయనకు అంతా చెబుతాను. ఆ తర్వాత నేను ఆయన ఇంట్లో ఉండకపోవచ్చు. ఎవరివైపు నిలబడతావని నిన్ను అడగను. నాకు జవాబు ఆలస్యమైనా ఫరవాలేదు. ముందు ఆయనకు రాయి.

ఇట్లు,
నీ భర్త
అన్‌సెల్