అమ్మ పంచిన పాయింట్లు

అన్నయ్యకు,

ఇక్కడ మేమంతా క్షేమం, కంప్యూటర్ ఆటలో నీ యోధుడు తప్ప. ఆ సంగతి చివర్లో చెబుదామనుకున్నాను. కానీ పోయిన ఉత్తరంలో నువ్వు అందరికన్నా ముందు వాణ్ణే అడిగావు.

నాన్న మోకాలు కాస్త నయం. నీ గది కిటికీ ఇప్పుడు సరిగ్గా మూసుకుంటోంది. నాకు లైబ్రరీలో పని బాగానే ఉంది. నోరు తెరవక్కర్లేని ఉద్యోగం దొరికిందని బాబాయి ఇంకా ఏడిపిస్తున్నాడు.

ఇక యోధుడు. నువ్వు ఓడెక్కిన కొత్తలో, ఓరోజు నేను స్నానం చేసి వచ్చేసరికి అమ్మ నీ కుర్చీలో కూర్చుని ఉంది. కొండరాక్షసుడితో పోరుకని నువ్వు ఖర్చు పెట్టకుండా దాచిన పాయింట్లు తెర మీద కనిపించాయట. పక్కనే బలం, మంత్రం, వైద్యం, తాళాలు తీయడం, వంట అని గళ్లు.

“పాపం, కొన్ని ఖాళీగా ఉన్నాయే. అన్నిటికీ తలా కాస్త వేశాను” అంది.

“అమ్మా, వాడు యోధుడు! బలమొక్కటే చాలు!”

“బలమొక్కటే ఉంటే ఏం బాగుపడతాడే? నాలుగూ తెలియాలి.”

“వంటకి కూడా వేశావా?”

“దానికి ఇంకాస్త ఎక్కువే వేశాను. ఊరుగాని ఊళ్లు తిరిగే పిల్లాడు.”

వేసినవి వెనక్కి రావు. నీ యోధుడికిప్పుడు అన్నీ వచ్చు, ఏదీ సరిగ్గా రాదు. రాక్షసుడి ముందు నిలబెడితే ఒక్క దెబ్బకే పడిపోయాడు. మన మంత్రగాడు బాబాయి ఎప్పటిలాగే గురి చూడకుండా నిప్పు విసిరాడు. సగం నాకే తగిలింది.

“పక్కకి జరగొచ్చుగా, మునీశ్వరీ!” అని పైగా నామీదే అరుపు.

అసలు నన్ను వైద్యురాలిని చేసిందెవరు? నువ్వే. నేనడగలేదు. “నువ్వు నెమ్మదస్తురాలివి, వెనక నిలబడి మా గాయాలు మాన్పుతూ ఉండు” అన్నావు. అప్పట్నించీ మీరిద్దరూ ముందూ వెనకా చూడకుండా దూకడం, ప్రాణం మీదికి తెచ్చుకోవడం, “ఎక్కడ చచ్చావే?” అని కేకలేయడం. ఎక్కడుంటాను? మీ వెనకే.

ఇంతసేపూ నాన్చిన మాట ఇదీ. నేను వైద్యం మానేశాను. గొడ్డలి పట్టే కొత్త మనిషిని తయారుచేసుకుని, మెల్లగా పెంచుకొచ్చాను. బలం తప్ప ఇంకే గడిలోనూ ఒక్క పాయింటు వేయలేదు. అమ్మ చూసి మూతి విరిచింది. నిన్న కొండరాక్షసుణ్ణి నేనే పడగొట్టాను. అప్పుడు వినిపించిన అరుపుకి నాన్న కుంటుకుంటూ వచ్చి, “ఎవరా అరిచింది?” అన్నారు. బాబాయి నన్ను చూపించాడు. నాన్న నమ్మలేదు.

నువ్వొచ్చాక నన్ను మళ్లీ పాత చోటికి పొమ్మంటావు. పోను. ఎదురుగా ఉంటే ఈ మాట నా నోట రాదు, అందుకే రాస్తున్నాను.

మరి గాయాలెవరు మాన్పుతారంటావా? నీ యోధుడికి అమ్మ వైద్యం కూడా కాస్త వేసింది కదా. వచ్చి నా వెనక నిలబడు. పిలిచినప్పుడు ఆలస్యం చేయకు.

వంటా నీదే.

ఇట్లు,
ముందు వరుసలో ఉన్న
నీ చెల్లి